కుంటలో చెట్లు

ఆ వేసవి మొదలయ్యేసరికి మా కుంట పరిరక్షణ కమిటీ మొత్తం ఒక్క ఆటోలో సరిపోయేంతకి వచ్చింది. మొదట్లో మెడికల్ షాపు మేడ మీద మీటింగు పెడితే మెట్ల మీద కూడా జనం కూచునేవాళ్ళు. ఆరంభ శూరత్వం అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన పని లేకపోయింది. ఒకళ్ళకి పిల్లాడి పరీక్షలు, ఇంకొకళ్ళకి నడుం నొప్పి. కొందరికి ఏమీ లేదు, ఊరికే రావడం మానేశారు. దారిలో కనబడితే మోగని ఫోను చెవిలో పెట్టుకుని పక్కకి తిరిగేవాళ్ళు. చివరికి మిగిలింది డ్రిల్లు మాస్టారు, మెడికల్ షాపు అన్నయ్య, కేసు చూసిపెట్టే లాయరమ్మ, నేను, మీటింగులో ఎప్పుడూ నోరు విప్పని ఒకరిద్దరు.

మా వీధి వెనకాల ఉంటుంది ఆ కుంట. ఏడాదిలో సగం నీళ్ళు, సగం పగుళ్ళిచ్చిన బురద. నిలబడి చూసి ఆనందించేంత అందమేమీ లేదు దానికి. కానీ వానపడితే చుట్టుపక్కల వీధుల నీళ్ళన్నీ అందులోకే పోతాయి. దాన్ని పూడ్చి బళ్ళు పెట్టుకునే స్థలం చేస్తామని మున్సిపాలిటీ వాళ్ళు మొదలుపెడితే మేం కేసు వేశాం. అంతకుముందు ఏడు ఒక చివర కాస్త పూడిస్తేనే మా వంటింట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. మొత్తం పూడిస్తే మా వీధిలో కాపురాలుండవు. ఇదేం దాచిన సంగతి కాదు, అందరికీ తెలుసు. తెలిసీ రారు. అదే నా ఒళ్ళుమంట.

ఇంట్లో మా ఆయన, మామయ్య, నేను. నేను పళ్ళ ల్యాబులో పని చేస్తాను. డాక్టర్లు పంపే అచ్చులు చూసుకుని కట్టుడు పళ్ళ సెట్లు తయారు చేస్తాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైనం, పౌడరు, అరగదీసే మిషను. ఇంటికొచ్చేసరికి నా కనుబొమల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. దాని మీద వంట, వంట మీద కమిటీ. మా ఆయన పార్సిల్ గోడౌన్లో సూపర్‌వైజరు. మంచివాడే. అయితే మంచితనానికీ ఒక హద్దుంటుంది కదా.

"మనిద్దరం కూచుని తీరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో నీకేమైనా గుర్తుందా?" అన్నాడొక రోజు, చెయ్యి కడుక్కుంటూ.

"ఆదివారం తిందాం."

"ఆదివారం నీకు మీటింగు."

నిజమే. అలిసిపోయిన మాట కూడా నిజమే. "ఈ వేసవే ఆఖరు. వానలు పడేలోగా కేసు తేలిపోతుంది. తేలకపోయినా సరే, మానేస్తాను" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

పక్కగదిలోంచి మామయ్య గొంతు వినబడింది. "ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడి అని, కుంట ఎవడిదో, ఆరాటం ఈవిడది. ఆవిడ ఒట్లు నమ్మకురా!"

మామయ్య బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అప్పట్నించీ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయేవాళ్ళ డ్రైవింగుని తిట్టుకుంటూ కూచోవడమే ఆయన ఉద్యోగం. ఆయన నోట్లో పళ్ళు నేను చేసినవే. ఆ విశ్వాసమైనా లేకుండా ఆ పళ్ళతోనే నన్ను కొరికేవారు. మాట్లాడ్డం ఇష్టం లేకపోతే మటుకు సెట్టు తీసి గ్లాసులో వేసేసేవారు. ఇక ఆ పూటకి ఎవరేం మాట్లాడినా బంద్.

*

కుంట ఎండగానే లారీలు మొదలయ్యాయి. ఎక్కడెక్కడో పడగొట్టిన గోడల ముక్కలు, సిమెంటు పెళ్ళలు తెచ్చి, చడీచప్పుడూ లేకుండా ఒడ్డున వంచేసి పోయేవి. మున్సిపాలిటీకి ఫిర్యాదు చేస్తే "చూస్తాం" అన్నారు. వాళ్ళు చూస్తూనే ఉన్నారు, లారీలు వస్తూనే ఉన్నాయి.

అప్పుడు డ్రిల్లు మాస్టారికి ఆలోచన వచ్చింది. ఆయన జీవితమంతా బడిపిల్లల చేత కవాతు చేయించిన మనిషి. మీటింగులో కూడా నిలబడే మాట్లాడతారు.

"కాపలా కాయడానికి మనకి మనుషులు లేరు. మనుషులు ఇవాళ వస్తారు, రేపు రారు. చెట్లయితే నిలబెట్టినచోట నిలబడతాయి. కుంట నిండా నాటేద్దాం. పచ్చటి మొక్క మీదికి లారీ ఎక్కించే మగాడెవడో నేనూ చూస్తాను!"

అందరం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా నేను కొట్టాననుకుంటాను. ఎన్నాళ్ళుగానో కాగితాలు, వాయిదాలు తప్ప చేతులతో చేసే పనంటూ లేదు మాకు.

"వానొచ్చి నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోవూ?" అని మెడికల్ షాపు అన్నయ్య అడిగాడు. ఆయనకి ప్రతిదానికీ ముందుజాగ్రత్త, మందుల సీసాలతో బతికే మనిషి కదా. అందుకని ఒక్కో మొక్కకీ ఎత్తుగా దిబ్బ కట్టాలని నిర్ణయించాం. దగ్గర్లో ఎవరో ఇంటికి పునాదులు తవ్వుతుంటే ఆ మట్టి అడిగి తట్టలతో మోసుకొచ్చాం. నడుములు పడిపోయాయి. త్వరగా ఎదిగే రకం మొక్కలు తెచ్చి, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా వరసలు వరసలుగా, మాస్టారు తాడు పట్టించి మరీ నాటించారు. ఫోటోలు దిగాం. ఆ ఫోటోలు చూసి, రావడం మానేసిన వాళ్ళు కొందరు మళ్ళీ వచ్చారు. కేసంటే రాని జనం మొక్కంటే వచ్చారు. తప్పేముందిలే, ఎలాగో ఒకలాగ వచ్చారు అనుకున్నాను.

నీళ్ళు మాత్రం ఎవరింటి నుంచి వాళ్ళే మోసుకురావాలి. మా ఇంట్లోంచి నీలం బకెట్టు అలా కుంటకి చేరింది. రెండో రోజో మూడో రోజో మామయ్య దాన్ని వెతుక్కుంటూ వచ్చారు.

"నా స్నానం బకెట్టు ఏదమ్మాయ్? ఇంట్లో మగ్గు ఒక్కటీ మిగిలింది. మగ్గులో కూచుని స్నానం చెయ్యమంటావా?"

నేను చెయ్యి చూపించాను. మెడికల్ షాపు అన్నయ్య ఆ బకెట్టుతోనే ఒక మొక్క మీద ధబాల్న నీళ్ళు కుమ్మరిస్తున్నాడు. మొక్క పక్కకి ఒరిగిపోయింది. మామయ్య కాసేపు చూశారు. ఆ తర్వాత చూడలేకపోయారు.

"ఏవయ్యా, మొక్కకి నీళ్ళు పోస్తున్నావా, మంటలార్పుతున్నావా? ఇలా తే!"

బకెట్టు లాక్కున్నారు. చేత్తో నీళ్ళు తీసి మొదలు చుట్టూ వదిలారు. ఒరిగిన మొక్కని నిలబెట్టి బొటనవేలితో మట్టి అదిమారు. పక్క మొక్క దగ్గరికెళ్ళారు. బకెట్టుతో ఇంటికి వెళ్ళాల్సిన మనిషి ఆ పూటంతా ఇంటికి రాలేదు.

మర్నాడు నేను లేచేసరికే ఆయన లేరు. ఆ తర్వాత రోజూ అంతే.

*

ఒక పొద్దున్న ల్యాబుకి వెళుతూ కుంట మీదుగా వెళ్ళాను. ఒక లారీ రివర్సులో ఒడ్డుమీదికి వస్తోంది, నిండా సిమెంటు పెళ్ళలు. మామయ్య ఒక్కరే ఉన్నారక్కడ. పోట్లాడతారేమో, కింద పడతారేమోనని పరుగెత్తాను. ఆయన పోట్లాడలేదు. లారీ వెనక్కి వెళ్ళి నిలబడి, చేత్తో బాడీ మీద ఠపఠపా కొట్టారు.

"ఆపు, ఆపు! స్టీరింగు కుడికి కొయ్యి. ఇంకా. ఆఁ, ఇప్పుడు ముందుకి పోనీ. పోనీ, పోనీ, రైట్!"

డ్రైవరు పాపం తలకాయ బయటపెట్టి, చెప్పినట్టల్లా తిప్పి, చూసుకునేసరికి బండి రోడ్డు మీద వచ్చిన దారినే నిలబడి ఉంది. "ఇదేంటి పెద్దాయనా?" అన్నాడు తెల్లబోయి.

"లోపల మొక్కలున్నాయి బాబూ. నీ బండికి దారి లేదు. నీ టైరు కూడా అరిగింది, చూసుకున్నావా? జాగ్రత్తగా పో."

ఆ డ్రైవరు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. తర్వాత కూడా ఒకటి రెండు వచ్చాయి, వాటినీ అలాగే సాగనంపారు. కొన్నాళ్ళకి లారీలు రావడమే మానేశాయి. మేం ఇన్నాళ్ళు చేసిన ఫిర్యాదులన్నీ కలిపి చేయలేని పని అది.

మామయ్య ఇంట్లో మాట్లాడ్డం మొదలుపెట్టారు. మామూలుగా మాట్లాడ్డం కాదు, నస. మూడో వరసలో ఫలానా మొక్కకి చిగురొచ్చిందనీ, మాస్టారికి గట్టు వేయడం రాదనీ, మేక ఒకటి వచ్చిందనీ. మా ఆయన చెంచా పట్టుకుని తండ్రి వంక వింతగా చూసేవాడు. "నాన్న నాతో ఇన్ని మాటలు ఆడటం చిన్నప్పుడు కూడా ఎరగను" అన్నాడు నాతో, పక్క వేస్తూ. ఆ రోజు నా ఒట్టు సంగతి ఎత్తలేదు.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేనే జారిపోతున్నాను. ల్యాబులో ఇద్దరు మానేసి వాళ్ళ పని కూడా నా నెత్తిన పడింది. ఆదివారం వచ్చేసరికి మంచం దిగాలంటే ఏడుపొచ్చేది. ఎవరి కోసం ఇదంతా అనిపించేది. ఒకటి రెండు మీటింగులకి నా బదులు మామయ్యే వెళ్ళారు. వెళ్ళొచ్చి తలుపు దగ్గరే మొదలెట్టేవారు.

"మీ కమిటీలో ఒక్కడికీ మాట మీద నిలకడ లేదమ్మాయ్. నేనే గట్టిగా చెప్పాను, నీళ్ళకి వంతులు వేసుకోండి అని."

"మీ కమిటీ అంటారేం మామయ్యా, ఇప్పుడు మీరే కదా అధ్యక్షులు."

"ఆఁ, చాల్లే" అన్నారు గానీ ముఖం వెలిగింది.

*

విచారణ మంచి ఎండలప్పుడు వచ్చింది. మామయ్య కూడా వస్తానని చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. తీరా ఆ పొద్దున్నే గాడ్పు చూసి, "ఇవాళ రెండు పూటలా పోయకపోతే మాడిపోతాయి, మీరు వెళ్ళి రండి" అని ఉండిపోయారు.

మా కేసు వినే అధికారిణి నడివయసు మనిషి. అరవదు, నవ్వదు, ఎవరు మాట్లాడినా పూర్తిగా వింటుంది. మా లాయరమ్మ చక్కగా చెప్పింది, వాన నీళ్ళు, వీధులు, ముందు ఏడు మునిగిన ఇళ్ళు. నేను కూడా మా వంటింటి సంగతి చెప్పాను. తర్వాత మున్సిపాలిటీ తరఫు లాయరు లేచాడు. చాలా మర్యాదస్థుడు. సంచీలోంచి ఒక పెద్ద ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు.

అది మేం దిగిన ఫోటోయే. వరసలు వరసలుగా దిబ్బలు, దిబ్బల మీద మొక్కలు, వెనకాల పళ్ళికిలించుకుని మేమందరం.

"దీన్ని వీళ్ళు కుంట అంటున్నారండి. కుంటలో చెట్లు నాటేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. బయటనుంచి మట్టి తెచ్చి దిబ్బలు కూడా పోశారు. పూడ్చొద్దని మా మీద కేసు వేసిన వాళ్ళే మాకంటే ముందు పూడ్చేశారు. ఇది నేల అని వాళ్ళ మనసుకి తెలుసు" అన్నాడు.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. డ్రిల్లు మాస్టారు లేచి నిలబడి, ఏం చెప్పాలో తోచక మళ్ళీ కూచున్నారు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

అధికారిణి ఫోటోని చాలాసేపు చూసింది. "మొదటి వానలు పడ్డాక నేనే వచ్చి చూస్తాను. నీళ్ళు నిలిచినంత మేరా కుంటగా హద్దు రాయిస్తాను. మట్టి పైకి తేలి చెట్లున్నంత మేరా నేల కిందే లెక్క" అంది.

వరండాలోకి వచ్చాం. మెడికల్ షాపు అన్నయ్య తల పట్టుకున్నాడు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, ఇదేంటమ్మా ఇలా అయింది?"

"తీసెయ్యాలక్కా" అంది లాయరమ్మ నాతో. "అన్నీ."

"మొక్కలా?"

"మొక్కలూ, మట్టీ. వానలు పడేలోగా. నన్నొక్క మాట ముందుగా అడిగి ఉంటే..."

"నువ్వూ చప్పట్లు కొట్టావు కదే!" అన్నాను. గొంతు లేచిపోయింది. ఆ పిల్ల చేతిలో ఫైలుని రెండు చేతులా పట్టుకుని, "కొట్టాను" అంది. చిన్నపిల్ల, దాని కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు నా మీదే కోపం వచ్చింది.

ఆ ఆదివారం మీటింగు మీటింగులా లేదు. డ్రిల్లు మాస్టారు ఒకటే మాట.

"నా చేత్తో నాటినవి నా చేత్తో పీకను. చెట్లు పీకే కమిటీకి పరిరక్షణ అని పేరెందుకయ్యా? కసాయి కమిటీ అని పెట్టుకోండి!"

"మాస్టారూ, చెట్లుంటే కుంట పోతుందండీ. కుంట పోతే ఆ చెట్లనీ ఉంచరు, వాళ్ళు కొట్టేస్తారు" అన్నాను.

"వాళ్ళు కొడితే పాపం వాళ్ళది. మనం కొడితే?"

ఆయన లేచి వెళ్ళిపోయారు. మొక్కల కోసం మళ్ళీ వచ్చిన వాళ్ళు ఆయన వెనకే వెళ్ళిపోయారు. మళ్ళీ మేం ఒక్క ఆటోకి మిగిలాం. ఇంకా చెప్పాలంటే ఆటోలో చోటు కూడా మిగిలింది.

*

ఇంటికొచ్చేసరికి మామయ్య పెరటి మెట్టు మీద కూచుని పాత సైకిలు ట్యూబుని సన్నటి పీలికలుగా కోస్తున్నారు. మొక్కల్ని కర్రలకి కట్టడానికి. తాడైతే బెరడు కోసుకుపోతుందట. నేను పక్కన కూచుని జరిగిందంతా చెప్పాను. కత్తెర ఆపకుండా విన్నారు.

"అన్నీనా?" అన్నారు చివరికి.

"అన్నీ మామయ్యా."

"తీసి ఇంకోచోట పెట్టకూడదా?"

"కొన్ని రోడ్డు పక్కన పెట్టి చూద్దామంటున్నారు. ఈ ఎండలకి బతుకుతాయని నాకైతే నమ్మకం లేదు."

ఆయన కత్తెర కింద పెట్టారు. లేచి లోపలికి వెళ్ళారు. అన్నం వేళ అది. నేను కంచం పెట్టి పిలవడానికి వెళ్ళేసరికి పళ్ళ సెట్టు గ్లాసులో ఉంది, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ తర్వాత ఎన్ని రోజులో ఇంట్లో ఆయన మాట వినబడలేదు. గంజిలాంటిది ఏదైనా తాగి లేచిపోయేవారు. కానీ పొద్దున్నే బకెట్టు తీసుకుని వెళ్ళడం మాత్రం మానలేదు. పీకేయబోయే మొక్కలకి, ఒక్కటి కూడా వదలకుండా, అదే శ్రద్ధతో నీళ్ళు పోసేవారు.

మా ఆయనకి కోపం వస్తే అరవడు, గిన్నెలు సర్దుతాడు. ఆ రోజు వంటింట్లో గిన్నెలన్నీ రెండుసార్లు సర్దాడు.

"నాన్న మళ్ళీ మనిషయ్యాడని సంబరపడ్డాను. ఇప్పుడు చూడు. నువ్వు చేసిందని అనడం లేదు. కానీ ఇందులోకి వెళ్ళినవాళ్ళెవరైనా బాగుపడ్డారా చెప్పు? చాలు, ఇక్కడితో ఆపెయ్. ఆ మొక్కలు మిగతా కమిటీవాళ్ళే తీస్తారు."

"వానలదాకా అన్నాను కదండీ. ఇంకెంతో లేదు."

"తర్వాత?"

"తర్వాత లేదు. ఇంక నాకూ ఓపిక లేదు" అన్నాను. అది ఆయన్ని సముదాయించడానికి అన్న మాట కాదు.

*

మబ్బులు పట్టడం మొదలైంది. ఇక ఆలస్యం చేయడానికి లేదు. ఆ పొద్దున్న పారలు, తట్టలు పట్టుకుని కుంటలోకి దిగింది మెడికల్ షాపు అన్నయ్య, లాయరమ్మ, నోరు విప్పనివాళ్ళలో ఒకాయన, నేను. రోడ్డు మీద మాత్రం జనం బాగానే చేరారు. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు.

"చెట్లు కాపాడేవాళ్ళు చెట్లు పీకుతున్నారు చూడండి!" అని ఒకడు అరిచాడు. మాతోపాటు నాటి, మాతోపాటు ఫోటో దిగిన ఒకావిడ, "సిగ్గు లేదూ మీకు? పిల్లల్లా పెంచాం!" అంది. పెంచినావిడ రెండు రోజులు వచ్చి నీళ్ళు పోసింది. ఇంకో రోజైతే ఆ మాట ఆవిడ ముఖాన అనేసేదాన్ని. ఆ రోజు తట్ట పక్కన పెట్టి మొక్కల వైపు నడిచాను.

మాస్టారు కుంటలో ఒక మూల, తన చేత్తో నాటిన వరసల దగ్గర కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూచున్నారు. ఆ రెండు మూడు వరసల జోలికి ఎవర్నీ రానివ్వలేదు. మేమూ వెళ్ళలేదు.

మొదటి మొక్క నేనే పట్టుకున్నాను. నా ఛాతీ ఎత్తు ఉంది. పైన ఎర్రటి చిగుళ్ళు. కర్రకి ట్యూబు పీలికతో, వేలు దూరేంత వదులుంచి కట్టి ఉంది. గుంజాను. రాలేదు. మళ్ళీ గుంజాను. నా చేతుల్లో బలం లేక కాదు, రావడం నాకే ఇష్టం లేదు. అలా పట్టుకుని నిలబడిపోయాను.

"అలా గుంజితే రాదు. పక్కకి జరుగు."

మామయ్య. చేతిలో బకెట్టు లేదు, పార ఉంది. నోట్లో పళ్ళున్నాయి.

పారతో మొదలు చుట్టూ నాలుగు పక్కలా కోశారు. వంగి, రెండు చేతులా పట్టుకుని, ఒక్క ఊపులో పైకి తీసి పక్కన పడుకోబెట్టారు. "మొక్క తీస్తే సరిపోదు. దిబ్బ కూడా లేవాలి. తట్ట పట్టు" అన్నారు. పట్టాను. నింపారు. నేను మోసుకెళ్ళి ఒడ్డు అవతల పోసి వచ్చేసరికి రెండోది తీశారు. అన్నయ్యనీ లాయరమ్మనీ ఎవరెక్కడ తవ్వాలో ఆయనే పురమాయించారు. రోడ్డు మీద అరుపులు కాసేపటికి పలచబడ్డాయి. ఒక ముసలాయన తలవంచుకుని పని చేసుకుపోతుంటే ఎంతసేపని అరుస్తారు?

మూడో వరస దగ్గర ఆగిపోయారు. పార వదిలేసి దిబ్బ మీద కూచుండిపోయారు. నేను తట్ట దించి దగ్గరికి వెళ్ళాను. ఏడుస్తున్నారు. తలపాగా చెంగు అడ్డం పెట్టుకుని కాదు, ఏమీ దాచుకోకుండా, పిల్లాడిలా వెక్కి వెక్కి.

"అన్నేళ్ళు బండి నడిపానమ్మాయ్. మనిషి సంగతి వదిలెయ్, ఒక కుక్కని కూడా తొక్కలేదు నేను. ఒక్క కుక్కని."

నేను ఆయన పక్కన మట్టిలో కూచుని ఏడ్చాను. కుంట నిలబడుతుందని అప్పటికి మాకు నమ్మకం కూడా లేదు. ఎవరి మాటో విని పచ్చటి ప్రాణాలు తీస్తున్నామన్నదొక్కటే కనిపిస్తోంది.

కాసేపటికి ఆయనే లేచారు. "మబ్బు పట్టింది, లే" అన్నారు.

సాయంత్రానికి కుంట కుంటలా అయింది. ఖాళీగా, గుంటగా, బురద రంగులో. ఒడ్డు మీద మొక్కలు మోపులుగా పడి ఉన్నాయి.

*

వాన గట్టిగానే పడింది. నాలుగు వీధుల నీళ్ళూ పరుగెత్తుకుంటూ వచ్చి కుంటలో దిగాయి. మా వంటింట్లోకి చుక్క రాలేదు. అధికారిణి మాట ప్రకారం వచ్చింది, గొడుగు వేసుకుని ఒడ్డంతా నడిచింది. ఆవిడ వెనకాల మనుషులు నీళ్ళ అంచున రాళ్ళు పాతుకుంటూ వచ్చారు. మాస్టారి మూల దగ్గర ఆగింది. అక్కడ దిబ్బలు నీళ్ళ పైకి తేలి ఉన్నాయి, చెట్లు నిగనిగలాడుతున్నాయి. హద్దు అక్కడ లోపలికి వంపు తిరిగి, ఆ మూలని బయటికి వదిలేసి, మళ్ళీ ఒడ్డుకి చేరుకుంది.

కుంట మిగిలింది, ఆ మూల తప్ప. ఆ మూలలో షెడ్డు వేయడానికి మున్సిపాలిటీ కాంట్రాక్టరు మనుషులు ఒక్క పొద్దున్నలో మాస్టారి చెట్లన్నీ కొట్టేశారు. సంగతి తెలిసి మామయ్య వెళ్ళారు. మధ్యాహ్నం దాటాక వచ్చారు.

"మాస్టారు ఎలా ఉన్నారు మామయ్యా?"

"నిలబడి చూశాడు. నేనూ పక్కన నిలబడ్డాను." కాళ్ళు కడుక్కున్నారు. తర్వాత అన్నారు. "ఒకటే మాటన్నాడు. 'మీవి మీ చేతుల్లో పోయాయయ్యా. నావి ఎవడి చేతుల్లోనో పోయాయి' అన్నాడు."

రోడ్డు పక్కన పెట్టినవి ఒకటి రెండు తప్ప ఏవీ బతకలేదు. ఇప్పుడు కుంటలోకి పై వీధుల మురుగు కాలువ కలుపుతారట, దాని మీద మళ్ళీ మీటింగులని లాయరమ్మ కబురు పెట్టింది. నేను జవాబివ్వలేదు. వేసవి అయిపోయింది, నా మాటా అయిపోయింది. ఆ ఆదివారం ఇంట్లోనే ఉన్నాను. ముగ్గురం కలిసి కూచుని తిన్నాం. మా ఆయన రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు. మధ్యాహ్నం హాయిగా పడుకున్నాను. పైకి హాయిగానే ఉంది. లోపల మాత్రం, ఇల్లు మారాక పాత ఇంటి తాళంచెవి కోసం కొంగు తడుముకున్నట్టు, ఏదో వెతుక్కుంటూ ఉండేదాన్ని.

తర్వాతి ఆదివారం కూడా అలాగే చాప మీద కూచుని బట్టలు మడత పెడుతున్నాను. మా ఆయన పేపరు చదువుతున్నాడు. మామయ్య గదిలోంచి బయటికొచ్చారు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, చంకలో గొడుగు.

"మీటింగుకి రావా?"

"మానేశాను మామయ్యా. ఈ వేసవే ఆఖరని ఆయనకి ఒట్టు పెట్టాను. మీకు తెలుసుగా."

ఆయన గుమ్మంలో నిలబడి కొడుకు వంక చూశారు, నా వంక చూశారు. గొంతు పెంచలేదు.

"నా చేత అన్ని మొక్కలు పీకించి, ఇప్పుడు నువ్వు ఇంట్లో కూచుంటానంటావేంటమ్మాయ్?"

నా చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. సగం మడతలో. తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను. మా ఆయన పేపరు మడిచాడు. లేచి గిన్నెల దగ్గరికి వెళతాడనుకున్నాను. తలుపు వెనక్కి వెళ్ళి, అక్కడ వేలాడుతున్న రెండో గొడుగు తీసి నాకిచ్చాడు.

"ఒక్క గొడుగులో ఇద్దరు పోతే ఇద్దరూ తడుస్తారు. ఇదీ తీసుకెళ్ళండి" అన్నాడు.